ఖజానా బిగుతుగా ఉన్నప్పుడు ఆటలకు డబ్బెక్కడిది? అనంతపురం గ్రౌండ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కోచ్‌ను కాను, ఆఫీసరును అంతకన్నా కాను. మా పాపను ఖోఖోలో చేర్చి, రోజూ సాయంత్రం గట్టు మీద కూర్చుని, ఎవరూ ముందుకు రాకపోతే క్లబ్బు లెక్కల పుస్తకం చేతికి తీసుకున్నవాణ్ణి. ఆ పుస్తకం పట్టుకున్న పాపానికి ప్రతి తల్లీ తండ్రీ నన్నే అడుగుతారు: "ఏం సార్, గవర్నమెంటు పిల్లోల్లకు ఏమీ ఇయ్యదా?" చుట్టుపక్కల మండలాల పీఈటీ సార్లు, అంటే బడుల్లో ఆటలు నేర్పే టీచర్లు కూడా ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఒకే జవాబు యాభైసార్లు చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. లెక్కలు 2025-26 బడ్జెట్‌వి.

ఆటలకు డబ్బు ఇవ్వాల్సింది ఢిల్లీనా, అమరావతా?

రాజ్యాంగం ప్రకారం అమరావతే. ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 33వ అంశం కింద నాటకాలు, సినిమాలు, వినోదాలతో పాటు క్రీడలు కూడా ఉన్నాయి. రాజ్యాంగం రాసిన రోజుల్లో ఆటంటే వినోదమే అనుకున్నారన్నమాట. ఇప్పటికీ మన రాష్ట్రంలో క్రీడలు ఉండేది యువజన, పర్యాటక, సాంస్కృతిక శాఖ గొడుగు కిందే.

కేంద్రం తనకు తానుగా పెట్టుకున్న పథకాల ద్వారా ఇస్తుంది. అందులో మనకు వినిపించే పేరు ఖేలో ఇండియా. రాష్ట్రం డబ్బు శాప్ ద్వారా, అంటే రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ ద్వారా జిల్లాకు దిగుతుంది. జిల్లాలో దాన్ని చూసుకునేది డీఎస్ఏ, అంటే జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ. దానికి ఛైర్మన్ కలెక్టర్. రోజువారీ పని చూసేది డీఎస్‌డీఓ, అంటే జిల్లా క్రీడాభివృద్ధి అధికారి. బడి ఆటలది మళ్లీ వేరే దారి, అవి విద్యాశాఖవి. మీ పీఈటీ జీతం ఒక శాఖ నుంచి, గ్రౌండ్ కోచ్ జీతం ఇంకో శాఖ నుంచి వస్తుంది. ఈ ఇద్దరూ ఒకే పిల్లకు నేర్పుతున్నా రెండు శాఖలూ ఒకదాన్నొకటి పలకరించుకోవు.

అసలు ఎంత ఇస్తున్నారు?

2025 ఫిబ్రవరి 28న మన ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ గారే ఆర్థిక మంత్రిగా రాష్ట్ర బడ్జెట్ పెట్టారు. మొత్తం సుమారు 3 లక్షల 22 వేల కోట్లు. అందులో యువజన, పర్యాటక, సాంస్కృతిక శాఖకు 469 కోట్లు. లెక్కేస్తే వంద రూపాయల్లో పదిహేను పైసలు కూడా నిండవు. అందులోనే టూరిజం, అందులోనే సంస్కృతి, అందులోనే యువజన కార్యక్రమాలు, అందులోనే మన ఆటలు.

కేంద్రంలో అదే ఏడాది యువజన వ్యవహారాలు, క్రీడల శాఖకు 3,794 కోట్లు, అందులో ఖేలో ఇండియాకు 1,000 కోట్లు. వినడానికి పెద్ద అంకెలే. దేశ బడ్జెట్ 50 లక్షల కోట్లు దాటింది కాబట్టి వంద రూపాయల్లో ఏడున్నర పైసలు.

కరువు జిల్లా మనది. తాగునీళ్లకే గతి లేనప్పుడు ఆటలకు డబ్బెందుకు?

ఈ ప్రశ్న అడిగే వాళ్లను నేను తప్పుపట్టను. బోరులో నీళ్లు పడక మూడుసార్లు అప్పు చేసిన రైతు, సింథటిక్ ట్రాక్ శంకుస్థాపన వార్త చదివితే కడుపు మండదా?

ఆ మంట న్యాయమైనదే, లెక్క మాత్రం నిలబడదు. 2025-26లో రాష్ట్ర రెవెన్యూ లోటు అంచనా 33 వేల కోట్ల పైమాట, ద్రవ్యలోటు దాదాపు 80 వేల కోట్లు. ఆ 469 కోట్లు మొత్తం ఎత్తేసినా, అందులో టూరిజం, సంస్కృతి కూడా కలిపి ఎత్తేసినా, ఆ లోటులో ఒక చెంబుడు నీళ్లు పోసినంత. తాగునీటి పథకం ఆగింది ఖోఖో కోచ్ జీతం వల్ల కాదు.

అలాగని "చిన్న మొత్తమే కదా, ఇచ్చేయండి" అనే వాదన కూడా నాకు నచ్చదు. ప్రతి శాఖలో ప్రతి చిన్న పద్దూ అదే పాట పాడుతుంది. లోటు ఉన్నప్పుడు పొదుపు చేయాల్సిందే. నేను అడిగేది ఒక్కటే. ఉన్న పదిహేను పైసల్లో దేన్ని కోస్తున్నారు, దేన్ని ఉంచుతున్నారు? అసలు గొడవంతా అక్కడ ఉంది. కింద రాస్తాను.

బడ్జెట్‌లో పెట్టారని పేపర్లో వచ్చింది. మరి మా దాకా ఎందుకు రాలేదు?

బడ్జెట్‌లో పెట్టడం అంటే పెళ్లి పత్రిక కొట్టించడం లాంటిది. వంట ఇంకా మొదలు కాలేదు.

పద్దులో అంకె ఉన్నాక ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఆఫీసుల్లో దాన్ని బీఆర్ఓ అంటారు. అది వచ్చాక శాప్ నుంచి జిల్లాకు కేటాయింపు. జిల్లాలో ఖర్చు పెట్టి బిల్లు తయారు చేసి సీఎఫ్ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వ చెల్లింపుల కంప్యూటర్ వ్యవస్థలో ఎక్కించాలి. అక్కడ టోకెన్ నంబరు పడుతుంది. టోకెన్ పడిందంటే డబ్బు పడిందని కాదు, వరసలో నిలబడ్డామని. ఖజానాలో డబ్బు ఉన్న రోజు, ముందు జీతాలు, పెన్షన్లు, అప్పుల వడ్డీలు పోయాక మిగతావి కదులుతాయి. నెట్లు కొన్న బిల్లు, పిల్లలను టోర్నీకి తీసుకెళ్లిన బస్సు బిల్లు ఆ వరసలో ఎక్కడ ఉంటాయో మీరే ఊహించుకోండి. మార్చి 31 దాటితే ఆ ఏటి పద్దు మురిగిపోతుంది, మళ్లీ కొత్తగా అడుక్కోవాలి.

ఒకసారి మా పిల్లలను రాష్ట్ర పోటీలకు తీసుకెళ్లిన సార్ తన జేబులోంచి ఇరవై రెండు వేలు పెట్టారు. ఆ బిల్లు పదకొండు నెలలు టోకెన్ మీదే ఉంది. తర్వాతి ఏడాది ఆయన "నేను రాను, వేరే వాళ్లను చూసుకోండి" అన్నారు. ఎవరూ ఆయన్ను తప్పనలేదు.

కేంద్రం డబ్బుకు ఇంకో మెలిక ఉంది. మొదటి విడత ఖర్చు పెట్టినట్టు యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం పంపితేనే రెండో విడత వస్తుంది. యూసీ పంపడానికి పని పూర్తి కావాలి. పని పూర్తి కావడానికి డబ్బు కావాలి. కోడి ముందా గుడ్డు ముందా అన్న కథ.

పొదుపు అనగానే ముందు దేన్ని కోస్తారు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలనుకుంటే ఇది చదవండి.

ఆటల ఖర్చులో రెండు రకాలుంటాయి. ఒకటి కొబ్బరికాయ కొట్టే ఖర్చు: స్టేడియం, ఇండోర్ హాలు, ట్రాక్, గ్యాలరీ. రెండోది కొబ్బరికాయ లేని ఖర్చు: కోచ్ జీతం, గ్రౌండ్‌మ్యాన్ కూలి, లైన్లు గీయడానికి సున్నం, దుమ్ము లేవకుండా చల్లే ట్యాంకరు నీళ్లు, బంతులు, నెట్లు, పిల్లల బస్సు చార్జీ, అరటిపండ్లు. బడ్జెట్ భాషలో మొదటిది మూలధన వ్యయం, రెండోది రెవెన్యూ వ్యయం.

ఆర్థిక శాస్త్రం పుస్తకాల్లో మూలధన వ్యయం మంచిది, రెవెన్యూ వ్యయం తగ్గించాలి అని ఉంటుంది. రోడ్డుకు, కాలువకు అది నిజం. రోడ్డు వేస్తే దాని మీద లారీ తనంతట తానే పోతుంది. గ్రౌండ్ అలా కాదు. హాలు కట్టినంత మాత్రాన పిల్లకు ఖోఖోలో పోల్ డైవ్ రాదు. ఆటలో అసలు ఆస్తి కోచే. లెక్కల పుస్తకంలో మాత్రం ఆయన "ఖర్చు", సిమెంటు గోడ "ఆస్తి".

అందుకే డబ్బు బిగుతైనప్పుడల్లా కోత పడేది రెండో రకం మీదే. కోచ్‌లలో చాలామంది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్. రెన్యువల్ ఆపితే చాలు, ఎవరినీ తీసేసినట్టు కూడా ఉండదు. పేపర్లో వార్త రాదు. గోడ కడుతూ మధ్యలో ఆపితే ఊరంతా చూస్తుంది, కోచ్ రాకపోతే ఆ పదిహేను మంది పిల్లలకే తెలుస్తుంది. రెండు నెలలు వాళ్లకు వాళ్లే ఆడుకుంటారు. మూడో నెల పదిమంది వస్తారు. ఆరో నెలకు గ్రౌండ్‌లో వాకింగ్ చేసే పెద్దవాళ్లే మిగులుతారు.

ఖర్చు ఎంతని చూద్దామా? కోచ్‌కు నెలకు 25 వేలు అనుకుందాం. ఏడాదికి 3 లక్షలు, పదేళ్లకు 30 లక్షలు. ఖేలో ఇండియా లెక్కల్లో ఒక సింథటిక్ అథ్లెటిక్ ట్రాక్‌కు ఇచ్చే సాయం దాదాపు 7 కోట్లు. ఆ డబ్బుతో ఇరవై ముగ్గురు కోచ్‌లను పదేళ్ల పాటు పోషించవచ్చు. పదేళ్లు అని ఊరికే అనలేదు. మన ఎండకు, మన నిర్వహణకు సింథటిక్ పరుపు కూడా అంతకన్నా ఎక్కువ నిలవదు.

అంటే సింథటిక్ ట్రాక్ అడగొద్దంటారా?

అడగండి. రాష్ట్ర స్థాయికి పోయే పిల్ల మట్టి మీద మాత్రమే పరుగెత్తి, పోటీ రోజు మొదటిసారి సింథటిక్ మీద స్పైక్స్ వేసుకుంటే ఓడిపోతుంది. ఒక పెద్ద జిల్లాకు ఒకటైనా కావాలి. నా గొడవ రెండోదానితో, మూడోదానితో.

ఒక ఊరిలో, పేరు చెప్పను, చక్కటి ఇండోర్ హాలు కట్టారు. ప్రారంభోత్సవం రోజు నేనూ వెళ్లాను. చెక్క ఫ్లోరు అద్దంలా మెరిసింది. ఏడాదిన్నర తర్వాత మళ్లీ వెళితే తాళం వేసి ఉంది. లోపల కరెంటు బిల్లు కట్టలేక మీటరు ఆపేశారట, పైకప్పు కారి ఫ్లోరు ఉబ్బింది. వాచ్‌మన్ తాళం తీసి చూపించి, "దీంట్లో ఆడేదానికంటే దీన్ని కాపలా కాసేది ఎక్కువైంది సార్" అన్నాడు. తాళం వేసిన హాలు కన్నా చింతచెట్టు కింద వాలీబాల్ కోర్టు మేలు. అక్కడ కనీసం రోజూ ఆట జరుగుతుంది.

అందుకని కొత్త కట్టడం అడిగేటప్పుడు అర్జీలో ఇంకో వాక్యం చేర్చండి: "దీని నిర్వహణకు ఏటా ఎంత కావాలి, అది ఏ పద్దు నుంచి వస్తుంది?" ఈ ప్రశ్నకు జవాబు లేని కట్టడం మనకు అప్పు లాంటిది.

ఖేలో ఇండియా మన పిల్లలకు నిజంగా ఏమిస్తుంది?

2017-18లో పాత పథకాలు మూడింటిని కలిపి దీన్ని మొదలుపెట్టారు. 2021-22 నుంచి 2025-26 వరకు 3,165 కోట్లకు పైగా కేటాయించారు.

ఎంపికైన ఖేలో ఇండియా అథ్లెట్‌కు ఏడాదికి 6.28 లక్షల సాయం అని పేపర్లో చదివి చాలామంది ఎగిరి గంతేస్తారు. ఆ మొత్తం మీ ఖాతాలో పడదు. అందులో పిల్ల చేతికి వచ్చేది 1.20 లక్షలు, నెలకు 10 వేలు. మిగతాది శిక్షణ, వసతి, తిండి, చదువు కింద అకాడమీకి పోతుంది. అదీ న్యాయమే. ఆ నెలకు పదివేలు మన దగ్గర ఒక కూలి ఇంటికి ఎంత పెద్దదో నేను చెప్పక్కర్లేదు. "ఆడపిల్లను గ్రౌండ్‌కు ఎందుకు పంపుతావు" అన్న బంధువుల నోరు ఆ పదివేలు మూయించిన ఇల్లు నేను చూశాను.

మనకు ఎక్కువ పనికొచ్చేది ఇంకొకటుంది. చిన్న ఖేలో ఇండియా సెంటర్లు. ఒక సెంటరుకు మొదట ఒక్కసారి 5 లక్షలు, తర్వాత ఏటా 5 లక్షలు. ఒకప్పుడు పతకాలు గెలిచి ఇప్పుడు ఖాళీగా ఉన్న క్రీడాకారులను కోచ్‌లుగా పెట్టుకోవడం దీని ఉద్దేశం. కొబ్బరికాయ లేని ఖర్చుకు ఢిల్లీ నుంచి డబ్బొచ్చే దారి అరుదు, ఇది అలాంటిది. ట్రాక్ ఒకటి వదులుకుంటే ఇలాంటి సెంటరు దాదాపు 140 ఏళ్లు నడుస్తుంది. అంకగణితమే, నమ్మకపోతే వేసి చూడండి.

కోవిడ్ అప్పుడు ఎలా కోశారు? మళ్లీ అలా జరగదా?

2020-21లో కేంద్ర క్రీడల శాఖకు మొదట పెట్టింది సుమారు 2,827 కోట్లు. సవరించాక మిగిలింది 1,800 కోట్లు. పోటీలు జరగలేదు, ఒలింపిక్స్ వాయిదా పడింది కాబట్టి కొంత కోత సహజం. అయితే 2021-22లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది కూడా 2,596 కోట్లే పెట్టారు. పాత అంకెను దాటడానికి 2022-23 దాకా పట్టింది. ఎంపీ నిధులను కూడా ఆ కాలంలో ఆపేశారు. కష్టం వస్తే ముందుగా తెగే కొమ్మ ఏదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒలింపిక్ పతకానికి 7 కోట్లు ఇస్తామంటారు, మా పిల్లకు విజయవాడ బస్సు చార్జీ లేదంటారు. ఏంటిది?

2024-29 క్రీడా విధానంలో రాష్ట్రం ఒలింపిక్ బంగారు పతకానికి 7 కోట్లు, వెండికి 5 కోట్లు, కాంస్యానికి 3 కోట్లు ప్రకటించింది. అంతకుముందు బంగారానికి 75 లక్షలు ఉండేది. కడప జిల్లా పిల్ల శ్రీచరణి 2025 నవంబరులో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడితే రెండున్నర కోట్లు, కడపలో వెయ్యి గజాల ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించారు.

శ్రీచరణికి ఇచ్చింది ఎక్కువని నేను అనను. ఆ అమ్మాయి ఫొటో మా గ్రౌండ్ గోడకు అంటించి ఉంది, మా పిల్లలు రోజూ దానికి చేయి తగిలించి పరుగెత్తుతారు. గెలిచాక ఇచ్చే డబ్బుకు కూడా విలువ ఉంది. కాకపోతే అది పంట ఇంటికొచ్చాక ఇచ్చే బహుమతి, విత్తనం డబ్బు వేరు. ఒలింపిక్ బంగారం ఏటా వచ్చేది కాదు కాబట్టి ఎన్ని కోట్లు ప్రకటించినా ఖజానాకు బరువు పడదు. బస్సు చార్జీ ఏటా వేలమంది పిల్లలకు ఇవ్వాలి, కాబట్టి బరువు పడుతుంది. ప్రకటించడం తేలికైనది పెద్దదవుతుంది, రోజూ మోయాల్సింది చిన్నదవుతుంది.

మన దగ్గర ఆర్డీటీ ఉంది కదా, ఇంక ప్రభుత్వం ఎందుకు?

అనంతపురం వాళ్లం ఈ విషయంలో అదృష్టవంతులం, కొంచెం చెడిపోయిన వాళ్లం కూడా. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, ఊరి పక్కన స్పోర్ట్స్ విలేజీ కట్టింది. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, జూడో అన్నీ ఉన్నాయి. రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు 2010లో అక్కడే పెట్టారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచులు అక్కడే జరిగితే, టీవీలో మనం చూసే ఆటగాళ్లంతా మన ఊరికే వచ్చారు. నార్పల మండలం నుంచి వచ్చిన బారెడ్డి అనూష ఆ గ్రౌండ్లలో ఆడి 2023లో భారత మహిళల క్రికెట్ జట్టులోకి వెళ్లింది.

మరి చెడిపోవడం ఏమిటంటే, ఆర్డీటీ ఉందన్న ధీమాతో మనం డీఎస్ఏను అడగడం మానేశాం. విదేశాల నుంచి డబ్బు తెచ్చుకునే ఏ సంస్థకైనా విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి రెన్యువల్ కావాలి. 2025లో ఆ రెన్యువల్ కోసం జనం అనంతపురంలో ర్యాలీలు తీయాల్సి వచ్చింది. ఒక జిల్లా పిల్లల ఆటంతా ఒక ట్రస్టు మీద, ఒక కాగితం మీద ఆధారపడితే ఎంత టెన్షనో ఆ నెలల్లో తెలిసింది. ట్రస్టు చేసేది ట్రస్టు చేస్తుంది. పీటీసీ (పోలీసు శిక్షణ కళాశాల) గ్రౌండ్‌లో నీళ్లు చల్లే పని ప్రభుత్వానిదే.

క్రికెట్‌కు ప్రభుత్వ డబ్బు పోతోందని, అందుకే ఖోఖోకు లేదని అంటారు. నిజమా?

కాదు. బీసీసీఐ కేంద్రం దగ్గర గ్రాంటు తీసుకోదు. క్రికెట్ మన పిల్లలను లాక్కుంటుంది గానీ మన పద్దును కాదు.

కడప స్పోర్ట్స్ స్కూల్‌లో చేరిస్తే ఖర్చు తప్పుతుందా?

తప్పుతుంది. పుట్లంపల్లి దగ్గరున్న డాక్టర్ వైఎస్ఆర్ క్రీడా పాఠశాలలో చదువు, హాస్టల్, శిక్షణ ప్రభుత్వానివే. ఉమ్మడి రాష్ట్రంలో పేరున్న హకీంపేట స్కూలు విభజనతో తెలంగాణకు పోయాక మనకు మిగిలిన పెద్ద దిక్కు ఇదే. నాలుగో తరగతిలో చేరికలు. పరుగు, జంప్, మెడిసిన్ బాల్ లాంటి బ్యాటరీ టెస్టులు పెట్టి తీసుకుంటారు. సీట్లు కొన్నే. సెలక్షన్లకు వెళ్లే ముందు నెల రోజులు పిల్లతో నిలబడి దూకే లాంగ్ జంప్ ప్రాక్టీసు చేయించండి. చాలామంది అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లల్ని తిండి గురించి అడగండి. డబ్బు బిగుతైందా లేదా అన్నది బడ్జెట్ పుస్తకం కన్నా ముందు హాస్టల్ గుడ్డు చెబుతుంది.

మా బడికి ఆటల గ్రాంటు వస్తుందా?

సమగ్ర శిక్షా కింద ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5 వేలు, ప్రాథమికోన్నతకు 10 వేలు, హైస్కూలుకు 25 వేలు వరకు ఆట సామాను గ్రాంటు ఉంది. చాలాచోట్ల పీఈటీకే తెలియదు, హెడ్మాస్టరుకు తెలిసినా ఆలస్యంగా తెలుస్తుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. ఉన్న స్థలంలో అదనపు గదులు కట్టేస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తు చేయండి.

ఊరి గ్రౌండ్ చదును చేయించడానికి ఉపాధి హామీ పనుల జాబితాలో ఆటస్థలం కూడా ఉండేది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదటగా మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. చాలా ఊళ్లు ఆ అవకాశాన్ని వాడుకోలేదు. ముళ్లకంప కొట్టించుకున్న ఊళ్లలో పిల్లలు ఇప్పటికీ ఆడుతున్నారు.

కంపెనీలను అడగొచ్చా?

తప్పకుండా. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, లేదా టర్నోవర్ వెయ్యి కోట్లు దాటింది, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. గ్రామీణ క్రీడలు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. తాము ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతుంది. కడప వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, కర్నూలు వైపు సోలార్ కంపెనీలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉన్నాయి.

నా అనుభవం ఒకటి చెబుతాను. మేము ఒక కంపెనీకి "క్రీడాభివృద్ధికి సహకరించండి" అని అర్జీ పెడితే జెర్సీలు ఇచ్చారు, వాటి మీద వాళ్ల పేరు మా క్లబ్బు పేరు కన్నా పెద్దగా ఉంది. మరుసటి ఏడాది "ఇద్దరు కోచ్‌లకు పన్నెండు నెలల జీతం, మొత్తం ఇంత, హాజరు పుస్తకం ప్రతి నెలా పంపుతాం" అని రాశాం. సగం ఇచ్చారు. అంకె, నెలలు, లెక్క చూపే పద్ధతి రాస్తే ఆఫీసులో ఆ కాగితం ఇంకో టేబుల్ మీదకు కదులుతుంది.

గ్రౌండ్‌లో ఫీజు వసూలు చేయడం తప్పు కాదా?

పే అండ్ ప్లే పద్ధతిని నేను పూర్తిగా వ్యతిరేకించను. ఉదయం షటిల్ ఆడే వ్యాపారి, డాక్టరు నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వగలరు, ఇవ్వాలి కూడా. ఆ డబ్బు ఆ గ్రౌండ్‌కే తిరిగి రావాలి, సాయంత్రం పిల్లలకు ఉచితంగా ఉండాలి. ఈ రెండు షరతుల్లో ఏది తప్పినా అది గేటు దగ్గర పన్నే. తెల్ల రేషన్ కార్డు ఇంటి పిల్లను ఫీజు పేరుతో గేటు బయట నిలబెట్టే పొదుపు నాకొద్దు.

పెద్ద టోర్నమెంట్లు పెడితే ఆటలు పెరుగుతాయా?

2023 డిసెంబరు 26 నుంచి 2024 ఫిబ్రవరి 13 దాకా 'ఆడుదాం ఆంధ్రా' జరిగింది. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్. వంద కోట్లకు పైగా ఖర్చయింది, తర్వాత ఆ ఖర్చు మీద విచారణ కూడా వచ్చింది. రాజకీయం పక్కన పెడితే, ఆ నెలన్నర ఊళ్లలో సందడి నిజమే. మా చుట్టుపక్కల ఎప్పుడూ ఆడని అమ్మాయిలు కబడ్డీ కోర్టులో దిగారు. ఫిబ్రవరి 14న వాళ్లను కొనసాగించే కోచ్ మాత్రం లేడు. జాతర అయిపోయాక రథం షెడ్డులోకి పోయింది.

2002 జాతీయ క్రీడలకు హైదరాబాదులో కట్టిన స్టేడియాల్లో కొన్ని తర్వాత ఆటల కన్నా సభలకు, కచేరీలకే ఎక్కువ వాడారు. ఇప్పుడు 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకు వచ్చాయి. ఆ ఏర్పాట్లకు డబ్బు కావాల్సి వచ్చినప్పుడు జిల్లా సెంటర్ల ఏటి 5 లక్షలు ఏమవుతాయో చూస్తుండాలి.

జిల్లాలు విడిపోయాక మనకు నష్టమా?

2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి శ్రీసత్యసాయి, కర్నూలు నుంచి నంద్యాల, కడప-చిత్తూరుల నుంచి అన్నమయ్య విడిపోయాయి. జిల్లా జట్లు రెట్టింపయ్యాయి కాబట్టి పిల్లలకు సెలక్షన్ అవకాశం పెరిగింది. కోచ్‌లు, సామాను మాత్రం రెట్టింపు కాలేదు, పంచుకున్నారు.

ఎక్కడ, ఎలా అడగాలి?

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. కలెక్టరే డీఎస్ఏ ఛైర్మన్ కాబట్టి అర్జీ సరైన చోటికే చేరుతుంది. రసీదు నంబరు రాసుకోండి. ఒక్క అర్జీలో పది కోరికలు రాయకండి. "ఫలానా గ్రౌండ్‌లో అథ్లెటిక్స్ కోచ్ పోస్టు ఆరు నెలలుగా ఖాళీ, రోజూ నలభై మంది పిల్లలు వస్తున్నారు" అని ఒక్కటే రాసి, నలభై మంది పేర్లు, తరగతులు జతచేయండి. పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి. ట్రాక్ సూటులో ఉన్న పిల్లల్ని చూస్తే హాల్లో తలలు తిరుగుతాయి.

కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా ఆఫీసుకు పది రూపాయల ఫీజు, మండల స్థాయిలో అయిదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "నిధులు ఏమయ్యాయి?" అని అడిగితే "నిబంధనల మేరకు ఖర్చు చేశాం" అని వస్తుంది. ఇలా అడగండి: ఈ ఆర్థిక సంవత్సరంలో డీఎస్ఏకు విడుదలైన మొత్తం, తేదీలవారీగా, అందులో కోచ్‌ల జీతాలకు ఎంత, గ్రౌండ్ నిర్వహణకు ఎంత, కట్టడాలకు ఎంత, స్టేడియం దుకాణాల అద్దె ఎంత వస్తోంది, ఏ ఖాతాలో పడుతోంది, మంజూరైన కోచ్ పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని. ఆ దుకాణాల అద్దె ప్రశ్నకు జవాబు వచ్చేటప్పుడు ఆఫీసులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నిధులుంటాయి. వాటితో గ్రౌండ్, జిమ్ కట్టించవచ్చు. కోచ్ జీతం ఇవ్వడానికి కుదరదు. ఆయన దగ్గర కట్టడం అడగండి, కలెక్టరు దగ్గర కోచ్‌ను అడగండి.

స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఆడించవచ్చా?

రాష్ట్రం ఆ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో క్రీడాకారులకు 421 పోస్టులు పెట్టారు. ఆశ పెట్టుకోండి, సర్టిఫికెట్లు లామినేషన్ చేయించకుండా ఫైల్లో భద్రపరచండి. కొన్ని అసోసియేషన్ల సర్టిఫికెట్లు చెల్లవు కాబట్టి పోటీకి వెళ్లే ముందే ఆ సంఘానికి గుర్తింపు ఉందో లేదో పీఈటీని అడగండి.

మేం డబ్బు ఇవ్వలేం. ఇంకేమైనా చేయొచ్చా?

వారానికి రెండు సాయంత్రాలు వచ్చి హాజరు పుస్తకం రాయండి. అర్జీకి జతచేసేది ఆ పుస్తకమే. ఇంట్లో పిల్లలకు చిన్నవైన స్పైక్స్, కాన్వాస్ బూట్లు ఉంటే ఉతికి తెచ్చివ్వండి. 9 నంబరు బూట్లు మూడు జతలు ఇప్పటికే ఉన్నాయి, ఎవరికీ పట్టట్లేదు. కొరత అంతా 4, 5 నంబర్లకే.